వీథిమాటల నిఘంటుకర్త ఫ్రాన్సిస్ గ్రోసు

నిఘంటువనగానే మన కన్నులయెదుట నిలుచునవి అమరకోశము, శబ్దరత్నాకరము వంటి మహాగ్రంథములు. కవుల ప్రయోగమును, పండితుల సమ్మతియు గల పదములకే వానియందు పీట. సంతలోను, రేవుకడను, సత్రపుటరుగుమీదను, సైనికుల గుడారములలోను పుట్టి, పుట్టినచోటనే నలిగి మాసిపోవు మాటలను చేరదీసిన నిఘంటుకారులు ఏ దేశమునందైనను అరుదు. అట్టి మాటలను వేలకొలది ఏరి, ప్రజలు వానికి వేడుకగా కల్పించుకొన్న అర్థములను వ్రాసి, 1785వ సంవత్సరమున లండను నగరమున అచ్చువేయించినవాడు కెప్టెన్ ఫ్రాన్సిస్ గ్రోసు. ఆయన రాజుగారి కొలువు చేసెను. సైన్యమున జీతము తీసికొనెను. పాడువడిన కోటలను చిత్రించెను. అప్పులలో మునిగి తేలెను. అయినను నేటికి ఆయన పేరును నిలిపియుంచినది ఆ వీథిమాటల పొత్తమే.

గ్రోసు 1731వ సంవత్సర ప్రాంతమున లండనులో జన్మించెను. తండ్రి స్విట్జర్లాండు నుండి వచ్చి ఇంగ్లండున స్థిరపడిన నగల వర్తకుడు. ఆయన బాగుగా ధనము గడించెను. సోదరులలో నొకడగు జాన్ హెన్రీ గ్రోసు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశమునకు వచ్చి, బొంబాయి, సూరతు ప్రాంతములలో తాను చూచిన వింతలనుగూర్చి 1757లో ఒక యాత్రాగ్రంథమును ప్రకటించెను. ఫ్రాన్సిసు మనస్సు వర్తకముమీద నిలువలేదు. ఆతడు చిత్రలేఖనము నభ్యసించి, 1769 మొదలుకొని లండను రాయల్ అకాడమీ ప్రదర్శనములకు తన చిత్రములను పంపుచుండెను. పాత దేవాలయములు, కోటగోడలు, కూలిన మండపములు ఆయనకు ప్రీతిపాత్రములైన విషయములు.

1755లో ఆయనకు రాజాస్థానమున రిచ్మండ్ హెరాల్డు అను పదవి లభించెను. ప్రభువంశముల వంశావళులను పరిశీలించుట, వారి బిరుదు చిహ్నములను నిర్ణయించుట, ఉత్సవములయందు రాజలాంఛనములతో నడచుట ఆ పదవికి చెందిన పనులు. ఎనిమిదేండ్లు ఆ కొలువుచేసి, 1763లో దానిని మరియొకరికి విక్రయించెను. పదవులను కొనుటయు అమ్ముటయు ఆ కాలపు ఇంగ్లండున వాడుకయే. పిదప హాంప్‌షైరు జిల్లా స్థానిక సైన్యమున జీతబత్తెముల లెక్కచూచు ఉద్యోగమున చేరెను. లెక్కలు చూచుట ఆయనకు ఏమాత్రమును చేతకాని విద్య. తనకు రెండే ఖాతా పుస్తకములు కలవనియు, అవి తన కోటుకు కుడి యెడమల నున్న జేబులనియు, ఒక జేబున పుచ్చుకొని రెండవ జేబునుండి ఇచ్చుచుందుననియు ఆయన నవ్వుచు చెప్పెడివాడట. ఆ నవ్వునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. రసీదులు లేని వ్యయములు తన నెత్తిపై బడెను. తండ్రి విడిచిన ఆస్తి కరగిపోయెను. భార్య 1774లో మరణించెను; బిడ్డలు పెక్కుమంది. 1778లో సర్రే జిల్లా సైన్యమున కెప్టెనుగా చేరినను ఋణబాధ తీరలేదు.

ఈ కష్టములే ఆయనచేత కలము పట్టించినవి. 1773లో ఇంగ్లండు, వేల్సు దేశముల ప్రాచీన కట్టడములనుగూర్చి భాగములు భాగములుగా నొక గ్రంథమును వెలువరింప నారంభించెను. ప్రతి కట్టడమునకును ఒక చిత్రము, దానిక్రింద చరిత్ర. ఇదియే దాని తీరు. పెద్ద పండితులకే పరిమితమైయుండిన ప్రాచీన చరిత్ర దీనివలన సామాన్య గృహస్థుల ఇండ్లలోనికి వచ్చెను. గ్రంథము బాగుగా అమ్ముడుపోయెను. ఊరూర తిరిగి, పాడువడిన గోడలయెదుట కూర్చుండి బొమ్మలు గీయుచు, రాత్రివేళల సత్రములలో బసచేయుచు గ్రోసు దేశమంతయు చూచెను. పగలు రాళ్లను చూచిన కన్ను రాత్రివేళ మనుష్యులను చూచెను. చెవి వారి మాటలను పట్టెను.

గ్రోసు మిక్కిలి స్థూలకాయుడు. ఆయన ఇంటిపేరు ఆంగ్లమున లావు అను అర్థముగల మాటను స్ఫురింపజేయుటచే మిత్రులు వేళాకోళములాడుచుండెడివారు. ఆయనయు వారితోపాటు నవ్వెడివాడు. మంచి భోజనము, మంచి పానము, తనివితీరని కబుర్లు ఆయన జీవితమున మూడు సుఖములు. టామ్ కాకింగ్ అను సహాయకుడొకడు ఆయనను నీడవలె వెన్నంటి యుండెడివాడు. అర్ధరాత్రి దాటినపిమ్మట వీరిరువురును లండనులోని మురికిపేటలకు, దొంగలు, బిచ్చగాండ్రు, పనిలేని నావికులు చేరెడు కల్లుపాకల వంటి తావులకు పోయి, వారి సంభాషణలను వినుచు మాటలను వ్రాసికొనుచుండిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు.

ఈ పనియొక్క విలువ తెలియవలెనన్న ఆ కాలపు భాషాస్థితిని గమనింపవలెను. 1755లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ రచించిన మహానిఘంటువు వెలువడెను. అందు సుమారు 42,000 పదములు కలవు. ఆంగ్లభాషకు ఆ గ్రంథమే ప్రమాణమని లోకము తలయూచెను. గొప్ప రచయితల వాక్యములనుండి పదములను ఎన్నుకొనిన జాన్సన్ వీథిలోని మాటలను చాలవరకు విడిచిపెట్టెను. చేర్చిన కొన్నింటికిని నీచమైనవను ముద్ర వేసెను. ఆ పండితుడు 1784 డిసెంబరులో పరమపదించెను. మరుసటి యేడే గ్రోసు తన నిఘంటువును ప్రకటించెను. దానికాయన పెట్టిన పేరు ఏ క్లాసికల్ డిక్షనరీ ఆఫ్ ది వల్గర్ టంగ్. క్లాసికల్ అను విశేషణము ఆ దినములలో గ్రీకు, లాటిను గ్రంథములకు చెల్లునట్టిది. దానిని తెచ్చి పామరుల భాషకు తగిలించుటలోనే ఆయన పరిహాసము తెలియుచున్నది.

పీఠికలో గ్రోసు తన ఉద్దేశమును విడమరచి చెప్పెను. ఇంగ్లండు ప్రజలు నిర్భయముగ మాటలాడు స్వాతంత్ర్యము గలవారు గనుక వారి వాడుకమాటలలో బలమును చమత్కారమును అధికమని ఆయన భావము. ఇట్టి మాటలు కొన్ని నాళ్లు వెలిగి ఆరిపోవును. తరువాతి తరమువారు పాత నాటకములను, హాస్యరచనలను చదువునప్పుడు వాని భావము తెలియక తికమకపడుదురు. కావున వ్రాసియుంచుట అవసరమని వాదించెను. దూరప్రయాణము చేయు సైనికులు, ఓడమీద లంగరుతాళ్లు లాగు నావికులు, చేపలమ్ము స్త్రీలు తనకు గురువులని ఒప్పుకొనెను. తనకు సుమారు నూరేండ్లకు పూర్వము అచ్చైన దొంగభాషా పదపట్టికలను కూడ వాడుకొనెను. తొలికూర్పున దాదాపు 3,000 పదములుండగా, తరువాతి కూర్పులలో వాని సంఖ్య 4,000 వరకు పెరిగెను.

ఆ మాటలలో కొన్నింటిని చూచినచో జనుల కల్పనాశక్తి ఎట్టిదో తేటపడును. మంచినీటికి ఆడమ్స్ ఏల్ అని పేరు. అనగా ఆదిమానవుడగు ఆదాము త్రాగిన సారాయమని భావము. ఒడలు వంచి చేయు శ్రమకు ఎల్బో గ్రీజు, అనగా మోచేతి కొవ్వు అని పేరు. నోటికి ఎముకల పెట్టె యనియు, ఉర్లగడ్డల బోను అనియు రెండు పేర్లు. నాలుకకు ఎఱ్ఱగుడ్డ యని మరొక పేరు. మేజోటి అల్లిక తెగి నిలువున జారినచో అది పేలు ఎక్కుటకు వేసిన నిచ్చెన. మిక్కిలి పొడవైన బిల్లును మందులషాపు బిల్లనిరి. పావురము పాలు పితుకుట యనగా అసాధ్యకార్యమునకు పూనుకొనుట. మనవారు కుందేటికొమ్ము సాధించుట యనునది ఇట్టిదే. అతిథులకంటె ముందుగా గృహస్థుడే త్రాగి పడిపోయిన విందునకు డచ్చివారి విందని పేరు. ధనము, తెలివి, మర్యాద మూడును లేనివానిని మూడు లేముల పెద్దమనిషి యనిరి.

లండను వీథులలో రాళ్లు పరచిన బాటలుండెడివి. అందొక రాయి వదులై, దానిక్రింద వాననీరు నిలిచినచో, కాలుపెట్టగానే బురద చిమ్మి తెల్లని మేజోళ్లు తడిసిపోవును. ఆ రాతికి జనులు బ్యూ ట్రాప్, అనగా సొగసుకాని బోను అని పేరుపెట్టిరి. సింగారించుకొని నడచు ధనికుని చూచి, బురదలో నిలిచిన బీదవాడు నవ్విన నవ్వు ఆ రెండు మాటలలో మిగిలియున్నది. రాజశాసనములలోను, పత్రికలలోను కానరాని ఆ కాలపు వీథి మన కన్నులకు కట్టినట్లుండుట ఇట్టి పదములవలననే.

వేడుకమాటల నడుమ భయంకరములైనవియు కలవు. ఆ కాలపు ఇంగ్లండులో సుమారు 200 నేరములకు ఉరిశిక్ష విధింపవచ్చునని చట్టములు చెప్పుచుండెను. అంగడిలో అయిదు షిల్లింగుల విలువగల సరకును దొంగిలించినవానిని కూడ ఉరితీయుటకు చట్టము అనుమతించెను. కావున బీదలలో ఉరికొయ్యకు పెక్కు పేర్లు పుట్టినవి. అది షెరీఫుగారి పటము చట్రము. ఉరితీయబడినవాడు జనుపనార జ్వరముచే మరణించినవాడు. వాని భార్య జనుపనార విధవ. శవపేటికకు శాశ్వతపు పెట్టె యని పేరు. మృత్యువు తమ గుమ్మమున కాచుకొనియున్నదని యెరిగినవారు దానిని ఎగతాళి చేసి గుండె నిబ్బరించుకొనిరి. చరిత్రగ్రంథములలో శిక్షల సంఖ్య మాత్రమే తెలియును. ఆ శిక్షల నీడలో బ్రతికినవారి మనస్సును ఈ పదములు తెలుపుచున్నవి.

తెలుగువారికి ఈ చమత్కారము క్రొత్తది కాదు. మోసగించుటను పంగనామములు పెట్టుట యనియు, టోపీ వేయుట యనియు, శఠగోపము పెట్టుట యనియు మన పల్లెలలో అనుకొనుట యెల్లరెరిగినదే. చెరసాలకు శ్రీకృష్ణ జన్మస్థానమనియు, అత్తవారిల్లనియు పేర్లుపెట్టి నవ్వుకొనిన జాతి మనది. మరణించుట యను అర్థమున బాల్చీ తన్నుట యని నేడు తెలుగున వినబడు మాటకు సరియైన ఆంగ్లపు పలుకుబడి కిక్ ది బకెట్. ఆ పలుకుబడి ఆంగ్లమున మొట్టమొదట అచ్చునకెక్కినట్లు తెలియుచున్నది గ్రోసు నిఘంటువునందే. ఆయన చెవిని పడనిచో దాని వయస్సెంతయో నేడు చెప్పుట కష్టమైయుండెడిది.

ఆయన చెప్పిన ప్రతి అర్థమును సత్యమనుకొనరాదు. కాల్చిన రొట్టెమీద కరగిన జున్ను వేసి చేయు వంటకమునకు ఆంగ్లేయులు వెల్ష్ రాబిట్, అనగా వేల్సువారి కుందేలు అని పేరుపెట్టిరి. మాంసము కొనలేని వేల్సువారికి జున్నే కుందేటిమాంసమని వారు చేసిన ఎగతాళి అది. గ్రోసు ఆ మాటకు రేర్ బిట్, అనగా అపురూపమైన ముక్క అను మూలమును సూచించెను. పండితులు దానిని అంగీకరింపలేదు. అయినను ఆ కల్పిత మూలమే వ్యాపించి, నేడు భోజనశాలల పట్టికలలో వెల్ష్ రేర్‌బిట్ అను రూపము కనబడుచున్నది. పొరపాటు కూడ ఒక పదమునకు జన్మమిచ్చినదన్నమాట.

ఆ గ్రంథమున దోషములు వేరుగను కలవు. అందలి అశ్లీలపదములు పెక్కు. పిల్లల చేతికి ఇయ్యదగిన పొత్తము కాదది. స్త్రీలను, ఐర్లండువారిని, స్కాట్లండువారిని, విదేశీయులను కించపరచు మాటలు పుటపుటను తగులును. ఆనాటి సమాజపు చులకనభావములు ఆ పదములతోపాటు అచ్చునకెక్కినవి. విమర్శలు వచ్చినపిమ్మట 1788లో ప్రకటించిన రెండవకూర్పున గ్రోసు కొన్ని మొరటు మాటలను తొలగించెను, కొన్నింటి వివరణను మెత్తపరచెను. మాటలను చక్కదిద్దుటకంటె విన్నది విన్నట్లు వ్రాయుటయే ఆయన పద్ధతి. కావుననే భాషాచరిత్రకారులకు ఆ గ్రంథము సాక్ష్యముగ ఉపకరించుచున్నది.

1787లో గ్రోసు ప్రొవిన్షియల్ గ్లాసరీ అను మరియొక పొత్తమును వెలువరించెను. ఇంగ్లండులోని ఆయా జిల్లాల మాండలిక పదములు, సామెతలు, పల్లెలలోని మూఢవిశ్వాసములు అందు చేర్చబడినవి. లండను మురికిపేటకు ఎంత చెవియొగ్గెనో మారుమూల పల్లెకును అంత చెవియొగ్గెనని దీనివలన తెలియుచున్నది.

1789లో ప్రాచీన కట్టడములను చిత్రించుటకై గ్రోసు స్కాట్లండునకు పోయెను. అచ్చట డంఫ్రీసు పట్టణసమీపమున నొక మిత్రుని గృహమున రాబర్ట్ బర్న్స్ అను కవితో పరిచయము కలిగెను. బర్న్స్ రైతుబిడ్డ, పల్లెజనుల మాటలతోనే కవిత్వము చెప్పి, తరువాత స్కాట్లండునకు జాతీయకవియైనవాడు. వీథిమాటల నిఘంటుకర్తకును, పల్లెమాటల కవికిని తొలిచూపుననే స్నేహము కుదిరెను. తన తండ్రి సమాధియున్న ఆలోవే గ్రామపు శిథిలదేవాలయమును కూడ గ్రంథమున చిత్రింపుమని బర్న్స్ కోరెను. ఆ తావునుగూర్చి యొక మంత్రగత్తెల కథ వ్రాసియిచ్చినచో అట్లే చేసెదనని గ్రోసు బదులుచెప్పెను. ఆ ఒడంబడికను పాటించి 1790లో బర్న్స్ రచించినదే టామ్ ఓ షాంటర్. సంతనాటి రాత్రి త్రాగి గుఱ్ఱమెక్కి ఇంటికి పోవుచున్న రైతొకడు, పాడుగుడిలో మంత్రగత్తెల నాట్యమును చూచి, ప్రాణములు అరచేత పట్టుకొని పారిపోవుట దాని కథ. 1791లో గ్రోసు స్కాట్లండు గ్రంథపు రెండవ సంపుటమున అది చేరెను. బర్న్స్ రచనలలో అగ్రశ్రేణికి చెందిన ఆ కావ్యము ఈ స్థూలకాయుని ముచ్చటవలన పుట్టినది.

అటుపిమ్మట ఐర్లండు కట్టడములను చిత్రింపవలెనని గ్రోసు డబ్లిను నగరమునకు పోయెను. ఆ పని మొదలుపెట్టిన కొలదికాలమునకే, 1791 మే నెలలో, మిత్రుడగు హోరేస్ హోన్ అను చిత్రకారుని గృహమున హఠాత్తుగా మూర్ఛవచ్చి మరణించెను. అప్పటికాయన వయస్సు అరువది యేండ్ల లోపు. డబ్లిను చెంతనున్న డ్రమ్‌కాండ్రాలో ఆయనను సమాధిచేసిరి. ఐర్లండు గ్రంథమును ఇతరులు పూర్తిచేసిరి. ఆయన కుమారుడు, తండ్రి పేరే గలవాడు, 1792 నుండి 1794 వరకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు వలసరాజ్యమును పాలించెను. ఇంగ్లండున ఉరి తప్పించుకొని ద్వీపాంతరవాస శిక్ష పొందినవారిని ఆ కాలమున పంపుచుండినది ఆ తావునకే. తండ్రి ఎవరి మాటలను కూర్చెనో కుమారుడు వారినే యేలవలసివచ్చుట విధివిలాసము.

గ్రోసు పోయినను ఆయన పొత్తము పోలేదు. 1796లో మూడవకూర్పు వెలువడెను. 1811లో ఇతరులు దానిని పెంచి లెక్సికన్ బలాట్రోనికమ్ అను పేరున ప్రకటించిరి. 1823లో పియర్స్ ఈగన్ అను పత్రికారచయిత మరల కూర్చెను. 1931లో ఎరిక్ పార్ట్రిడ్జి అను భాషావేత్త మూడవకూర్పును వ్యాఖ్యలతో అచ్చువేయించెను. ఆంగ్లమున వ్యవహారపదములనుగూర్చి పరిశోధించు ప్రతివాడును నేటికి ఆయన గ్రంథమును తెరువకతప్పదు.

పండితులు విడిచిన మాటలను చేరదీయుట మన దేశమునను కష్టసాధ్యముగనే యుండెను. 1852లో తెలుగు నిఘంటువును ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కావ్యపదములతోపాటు వాడుకమాటలకును చోటిచ్చెను. 1854లో, కచేరీలలోను వ్యవహారమునను కలిసిపోయిన అన్యదేశ్యపదములకు వేరుగ మిశ్రభాషా నిఘంటువును కూర్చెను. గిడుగు వేంకట రామమూర్తిగారు శిష్టజనుల వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడుటయేగాక, లిపిలేని సవరభాషను నేర్చి దాని మాటలను గ్రంథస్థము చేసిరి. వీరి మార్గములు వేరు, నిష్ఠ వేరు. అయినను, నోటనున్న మాట కాగితమునకెక్కనిచో ఆ మాట పలికిన మనుష్యుని జ్ఞాపకముకూడ చెరగిపోవునను ఎరుక వీరికందరకును సమానమైనది.

గ్రోసు నిఘంటువునందు గ్రంథాలయ చందాదారులు ప్రత్యేకముగ గమనింపదగిన పదమొకటి కలదు. బుక్ కీపర్ అనగా వాడుకలో ఖాతాలు వ్రాయు గుమాస్తా. గ్రోసు దానికి వ్రాసిన అర్థము, ఎరువు తెచ్చుకొనిన పుస్తకములను ఎన్నటికిని తిరిగి ఇయ్యనివాడు అని. ఆ పదము పుట్టి రెండువందల యేండ్లు దాటినను అట్టివారు లేని గ్రంథాలయము ఎచ్చటను లేదు. తీసికొనిపోయిన పుస్తకమును గడువులోపల తెచ్చియిచ్చుట చదువరి ధర్మము. తాతలు, అవ్వలు, కాపులు, పడవవాండ్రు, సంత వర్తకులు పలుకు వింతమాటలను నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయపు బీరువాలో చేర్చుటయు ప్రతి గ్రామమునందలి యువకులకు సాధ్యమైన పనియే. అందులకు ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. గ్రోసునకుండినట్టి ఓపిక గల చెవి యుండిన చాలును.